బానెట్ మొత్తం పెయింటింగ్‌కు ఇవ్వకు

అరే దోస్త్,

ఫొటోలు చూశాను. గ్రానైట్ లారీల వెనక తిరిగే కరీంనగర్ బండికి బానెట్ మీద ఆ మాత్రం రాళ్ల దెబ్బలు తప్పవు. కానీ షెడ్డు అతను మొత్తం బానెట్‌కు రంగు కొట్టేద్దామన్నాడని రాశావు చూడు, అక్కడే నా ప్రాణం ఉసూరుమంది. వద్దురా! నీ మారుతి జెన్ మీద ఇంకా కంపెనీ పెయింట్ ఉంది. ఫ్యాక్టరీలో సీట్లు, వైర్లు ఏవీ బిగించకముందే ఉత్త బాడీకి రంగు వేసి దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బిగించిన బండికి షెడ్డులో అంత వేడి పెట్టలేరు. ఒకసారి గీకేశాక ఆ రంగు మళ్లీ రాదు. దెబ్బ తగిలిన చోట మాత్రం నువ్వే చుక్కలా రంగు పెట్టుకో, చాలు.

ముందు గోరుతో తడిమి చూడు. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అది రంగు పైన ఉండే క్లియర్ కోట్ (రంగులేని మెరుపు పొర) మీద గీతే, పాలిష్‌తో పోతుంది. లోపల ఇనుము కనిపించినా, గోధుమ రంగు మచ్చ పడినా మాత్రం ఆలస్యం చేయకు. తుప్పు పెయింట్ కిందకి పాకుతుంది. దాన్ని గీకి, ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి కింద వేసే పూత) పెట్టాకే రంగు.

షాపుకు కలర్ కోడ్ ఒక్కటే పట్టుకుపోతే లాభం లేదు. ఇన్నేళ్లు ఎండకు నిలబడ్డ బండి కదా, రంగు కొంచెం దిగే ఉంటుంది. పెట్రోల్ మూత విప్పి తీసుకెళ్లు, దాన్ని చూసి కలుపుతారు. నీ బండి సిల్వర్ రంగుతో ఇంకో తంటా ఉంది. అందులోని సన్నటి అల్యూమినియం రేకులు స్ప్రే గన్‌తో కొడితే ఒకలా, చేత్తో పెడితే ఇంకోలా పరుచుకుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే చుక్క తెలుస్తుంది. తెలియనీ.

బ్రష్ పక్కన పెట్టి టూత్‌పిక్ తీసుకో. మొనకు అంటిన రంగును గుంత మధ్యలో తాకిస్తే అదే అంచుల దాకా పాకుతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఒకేసారి నింపేస్తే ఆరాక కుంగుతుంది, అందుకే పొర ఆరాకే ఇంకో పొర. చివర క్లియర్ పెట్టి, వారం ఆగి, సబ్బునీళ్లలో నానిన 2000 నంబర్ వాటర్ పేపర్‌తో ఆ చుక్క మీదే మెల్లగా రుద్దు. చుట్టూ ఉన్న క్లియర్ కోట్ వెంట్రుక మందం కూడా ఉండదు, జాగ్రత్త. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ (మెరుపు తెచ్చే పేస్ట్) పెట్టి రుద్దు. మబ్బు పట్టిన రోజు మాత్రం ఈ పని పెట్టుకోకు, తేమకు లక్కర్ (త్వరగా ఆరే ఆ రంగు, క్లియర్) తెల్లగా మసకబారుతుంది.

అది అయ్యాక వచ్చే ఆదివారం రామప్ప పోదాం. తెల్లవారుజామున హనుమకొండలో బయలుదేరితే ములుగు రోడ్డు మనదే. గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి, జంగాలపల్లి దగ్గర పాలంపేటకు తిరుగుదాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు కానీ, పొద్దున్నే వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. 1213లో కట్టిన గుడి. ఆ నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) నునుపు ఇప్పటికీ అలాగే ఉంది. పాలిష్ పిచ్చి ఉన్న నువ్వు అక్కడ గంటసేపు కదలవని నాకు తెలుసు. అటు నుంచి చల్వాయి మీదుగా లక్నవరం. చెరువు నిండుగా ఉంటుందిప్పుడు.

శనివారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. స్టెప్నీలో గాలి చూసుకుని రా. దారిలో లారీ వెనక అంటుకుని మాత్రం నడపకు, ఇంకో చుక్క పడితే నేనే ఏడుస్తా.

నీ దోస్త్
హనుమకొండ