మా కారుని మళ్లీ రోడ్డెక్కించిన అందరికీ కృతజ్ఞతలు

మా ఆయన కారు మళ్లీ ట్రిప్పులకు వెళ్తోంది. 2024 సెప్టెంబరు వరదలో ఇంజన్‌లోకి నీళ్లు పోయి, ఇక పనికిరాదని చాలామంది చెప్పిన కారు ఇది. దాన్ని నిలబెట్టిన వాళ్లలో కొందరి పేర్లు మాకు ఇప్పటికీ తెలియవు. తెలిసినవాళ్లేమో పేరు రాయొద్దమ్మా అన్నారు. అందుకని ఎవరెవరు ఏం చేశారో మాత్రమే రాస్తున్నాను. ఇది చదివినవాళ్లలో ఎవరి బండైనా రేపు నీళ్లలో ఆగిపోతే, వాళ్లకూ పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మాది విజయవాడ పాయకాపురం. ఎల్లో బోర్డు కారు, డీజిల్, ఇంకా ఈఎంఐలు నడుస్తున్నాయి. ఇల్లు గడిచేది దాని మీదే. ఆగస్టు 31న ఆగకుండా కురిసిన వానకి బుడమేరు వాగు కట్టలకి గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున మా వీధిలోకి నీళ్లొచ్చాయి. చూస్తుండగానే గుమ్మం దాటాయి. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లు ఎక్కలేరు. ఇంకొంచెం ఆగితే బయటపడే దారి కూడా ఉండదని, ఆవిడనీ పాపనీ కారెక్కించుకుని సింగ్ నగర్ ఫ్లైఓవర్ వైపు బయలుదేరాం. ఫస్ట్ గేర్‌లోనే, నెమ్మదిగా వెళ్తున్నాం. ఎదురుగా జనాన్ని ఎక్కించుకుని ఒక ట్రాక్టర్ వచ్చింది. దాని చక్రాల కింద నుంచి లేచిన అల మా బానెట్ మీదుగా అద్దం దాకా వచ్చి కొట్టింది. లోపల ఏదో టక్‌మన్న శబ్దం, ఇంజన్ ఆగిపోయింది.

అలాంటప్పుడు ఎవరి చెయ్యైనా తాళం మీదకే పోతుంది. సరిగ్గా అప్పుడే నడుం లోతు నీళ్లలో ఒక అబ్బాయి పరిగెత్తుకొచ్చి అద్దం మీద గట్టిగా కొట్టాడు. “అన్నా, సెల్ఫ్ కొట్టొద్దు! తాళం తీసెయ్. న్యూట్రల్ చెయ్, మేం నెడతాం” అని అరిచాడు. ఆటో తోలతాడట, అది వరకు మెకానిక్ షెడ్డులో పనిచేశాడట. ఇంకో నలుగురైదుగురిని పిలిచాడు. ఆ నీళ్లలో, కాళ్ల కింద ఏముందో తెలియని రోడ్డు మీద, మా కారుని ఫ్లైఓవర్ ఎత్తు దాకా నెట్టారు. అత్తయ్యని ఇద్దరు చేతుల మీద ఎత్తుకుని పొడి చోట కూర్చోబెట్టారు. మంచినీళ్లు అడిగితే తెచ్చిచ్చి, మళ్లీ వెనక్కి నీళ్లలోకే వెళ్లిపోయారు. ఆ అబ్బాయి వెళ్తూ వెళ్తూ చెప్పింది కూడా మేం మర్చిపోలేదు: “బ్యాటరీ నెగెటివ్ పీకెయ్ అన్నా. ఎవరు చెప్పినా స్టార్ట్ చెయ్యకు.”

ఆ మాట విలువ ఎంతో నాకు తర్వాత ఆటోనగర్‌లో అర్థమైంది.

నీళ్లు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. గండ్లు పూర్తిగా పూడ్చింది సెప్టెంబరు 7న. అన్నాళ్లూ మమ్మల్ని సత్యనారాయణపురంలో చిన్నమ్మ వాళ్లు తమ ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు, అయినా చెబుతున్నాను. ఊరంతా బళ్లు మునిగాయి కాబట్టి క్రేన్లకి ఎంత గిరాకీ ఉండేదో చెప్పక్కర్లేదు. అడిగినంత ఇవ్వాల్సిన పరిస్థితిలో మామూలు రేటు మాత్రమే తీసుకుని, కారుని తాడు కట్టి లాగకుండా వెనక ప్లాట్‌ఫాం ఉన్న బండి మీద ఎక్కించి తీసుకెళ్లిన క్రేన్ అన్నయ్యకి కూడా మా నమస్కారాలు.

ఇక ఆటోనగర్ మేస్త్రి గారి గురించి. ఎంత రాసినా తక్కువే.

ఆయన షెడ్డు ముందు అప్పటికే బళ్లు వరసగా ఉన్నాయి. మా ఆయన్ని మొదట అడిగింది ఒక్కటే: “ఆగిన తర్వాత మళ్లీ సెల్ఫ్ కొట్టావా?” లేదంటే, “అయితే చూద్దాం” అన్నారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల పేపరంతా ముద్దయిపోయి, అడుగున బురద నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆయిల్ గేజ్ లాగి చూపించారు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులు ఊడదీస్తే అందులోంచి కూడా నీళ్లు కారాయి. ఇంజన్ మాత్రం బాగుచేసి, వీటిలో నీళ్లు చూసుకోకుండా స్టార్ట్ చేస్తే, అది మళ్లీ ఆ నీళ్లనే లోపలికి పీల్చుకుంటుందట.

అసలు ఏం జరుగుతుందో నాకు తెలియక అడిగాను. పని ఆపి మరీ చెప్పారు. మా ఇంజన్ 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్‌కి 312 సీసీ. డీజిల్ ఇంజన్‌లో గాలిని సుమారు 17 రెట్లు నొక్కుతారు. పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు దాని పైన మిగిలే ఖాళీ 20 మిల్లీలీటర్లు కూడా ఉండదు. పక్కన షెల్ఫ్‌లో ఉన్న దగ్గు మందు సీసా మూత తీసి చూపించారు. “ఇలాంటివి రెండు మూతల నీళ్లమ్మా. గాలైతే అణుగుతుంది, నీళ్లు అణగవు. పిస్టన్ పైకి రాలేదు, కింద నుంచి దాన్ని నెట్టే క్రాంక్ ఊరుకోదు. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.” దాన్నే హైడ్రోస్టాటిక్ లాక్ అంటారట. ఆగిన ఇంజన్‌కి మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే ఒక రాడ్ దగ్గర ఆగాల్సిన నష్టం మిగతా వాటికీ పాకుతుంది. రాడ్ విరిగిందంటే బ్లాక్‌కి బొక్క పడుతుంది. అప్పుడు కొత్త ఇంజనే గతి.

ఇంజెక్టర్లు, గ్లో ప్లగ్గులు విప్పి, క్రాంక్ పుల్లీకి పానా పెట్టి చేత్తోనే తిప్పారు. రెండు సిలిండర్ల నుంచి నీళ్లు ఎగజిమ్మాయి. నీళ్లు పోయాక ఇంజన్ తేలిగ్గా తిరిగింది. మేం సంతోషపడ్డాం. ఆయిల్ మార్చి ఇచ్చేయొచ్చు కదా అని అక్కడున్న వాళ్లు అన్నారు కూడా. అలా ఇచ్చేస్తే ఆ రోజుకి బండి స్టార్ట్ అయ్యేది, మేం దండం పెట్టి డబ్బులిచ్చి వచ్చేసేవాళ్లం. ఆయన ఒప్పుకోలేదు. కొలవకుండా ఇవ్వనన్నారు. హెడ్ విప్పి, డయల్ గేజ్ పెట్టి ఒక్కో పిస్టన్ ఎంత ఎత్తు వస్తోందో చూశారు. మూడు సమానంగా వచ్చాయి, ఒకటి కొంచెం కిందే ఆగింది. కంటితో చూస్తే తేడా తెలియదు. నెమ్మదిగా వెళ్తుండగా ఆగింది కాబట్టి అంతటితో పోయింది, స్పీడులో ఉంటే అక్కడే విరిగేదన్నారు. అలా వదిలేస్తే మాత్రం కొన్నాళ్లు నడిచి ఎక్కడో హైవే మీద, ప్యాసింజర్లు ఉండగా, రాడ్ విరిగేది. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంజన్ దించి, కొత్త రాడ్ తెప్పించి, మిగతా మూడింటితో బరువు సరిచూసి వేశారు. దానికి కొత్త బోల్టులు, షెల్ బేరింగులు, రింగులు, హెడ్ గ్యాస్కెట్. బోర్‌లో గీతలేమీ లేవని లేత్ షాపులో చూపించుకుని వచ్చాకే బిగించారు. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి, అది తీసేసి ఫిల్టర్‌తో సహా మళ్లీ మార్చారు. గేర్ ఆయిల్ కూడా మార్చారు. సైలెన్సర్ దించి నీళ్లు వంపారు. పక్క షాపు ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఒక్కో కనెక్టర్ ఊడదీసి, స్ప్రే కొట్టి, ఆరబెట్టి పెట్టాడు. సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ విప్పి సర్వీసు చేశాడు. సీట్లు, కార్పెట్లు తీసి ఎండలో పడేస్తే, వాటిని తిరగేస్తూ కాపలా కాసింది షెడ్డులో పనిచేసే కుర్రాళ్లు. లేబర్‌లో సగం ఇప్పుడివ్వండి, మిగతాది ట్రిప్పులు మొదలయ్యాక చూద్దాం అన్నారు మేస్త్రి గారు. కాగితం కూడా రాయించుకోలేదు.

ఇన్సూరెన్స్ సంగతి. మా వీధిలో ఏజెంటుగా పనిచేసి మానేసిన బాబాయి గారు ఒకరున్నారు. ఆయన ఇల్లు కూడా మునిగింది. అయినా ఒక పూటంతా కూర్చుని మా కాగితాలు సరిచేసి పెట్టారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరద నష్టానికి ఏమీ రాదు, మాది ఫుల్ పాలసీ కాబట్టి అడగొచ్చని చెప్పింది ఆయనే. కానీ ఇంజన్ లోపలి భాగాలకి ఇంజన్ ప్రొటెక్ట్ అనే కవర్ విడిగా ఉండాలి, అది మాకు లేదు. అందుకని రాడ్, పిస్టన్ రింగుల ఖర్చు రాదని ముందే నిజం చెప్పి, వైరింగు, సీట్లు, లోపల శుభ్రం చేయడం, ఇంకా రావాల్సినవేమిటో విడివిడిగా రాయించారు. తలుపు మీద నీళ్ల గీత కనిపించే ఫొటోలు, ఫిల్టర్ డబ్బా ఫొటో జతచేయమన్నారు. సర్వేయర్ చూసేదాకా ఏ భాగమూ పారేయొద్దన్నారు. ప్రభుత్వం విజయవాడలో ఇన్సూరెన్స్ కంపెనీల వాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టింది కదా, అక్కడికి కూడా మాతో వచ్చారు. రావాల్సిన డబ్బులు వచ్చాయి. బాబాయి గారూ, మీ ఇల్లు కడుక్కోవాల్సిన టైములో మా కోసం తిరిగారు. ఆ రుణం తీరేది కాదు.

కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ స్టాండ్‌లోని డ్రైవర్లు మా ఆయన్ని ఖాళీగా కూర్చోనివ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు తమ బండి మీద యాక్టింగ్ డ్రైవర్‌గా పంపించారు. వాళ్లలో ఇద్దరి బళ్లు కూడా మునిగినవే. ఆ నెల ఈఎంఐ కట్టగలిగామంటే, పాప స్కూలు ఫీజు ఆగలేదంటే వాళ్ల వల్లే. టెన్షన్‌తో నేను ఏడుస్తుంటే ఫోన్ చేసి “వదినా, మేం లేమా” అన్న ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

సింగ్ నగర్ వైపు ఆటో తోలే ఆ అబ్బాయి గురించి చాలామందిని అడిగాం, ఇంకా దొరకలేదు. బాబూ, ఎవరైనా నీకు ఇది చూపిస్తే ఒక్కసారి మా ఇంటికి రా. అత్తయ్య రోజూ నిన్ను అడుగుతున్నారు. అలాగే, బండి మునిగి క్లెయిమ్ దగ్గర ఆగిపోయిన వాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. బాబాయి గారు రాయించిన లెటర్ కాపీ నా దగ్గర ఉంది, పంపిస్తాను.