ఆ ఒక్క కోత మార్చండి

సంపాదకులకు,

అక్టోబరు వస్తోందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జనం ఆకాశం వంక చూస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ దెబ్బకు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తుపాను వెళ్లిన మర్నాడే చెట్లు కోసే రంపం మిషన్లు దిగుతాయి. తిన్నటి మొద్దులు కలప అడితికి, కొమ్మలు పొయ్యిలోకి పోతాయి. మొద్దు మీద గుమ్మడికాయలా ఉబ్బిన బుడిపె కనిపిస్తే మాత్రం బెరడు వారగా చెక్కేసి ఇటుక బట్టీ లారీలో పడేస్తారు. మిల్లు రంపం బల్ల మీద మొద్దు కుదురుగా కూర్చోవాలంటే బుడిపె అడ్డం మరి. ఆ ఒక్క కోత గురించే ఈ ఉత్తరం.

ఇంగ్లిషులో బర్ల్ అనే ఈ బుడిపెలో చెట్టు మొగ్గలు కొమ్మలుగా సాగకుండా వందల సంఖ్యలో ఒకేచోట గుమిగూడతాయి. వాటి చుట్టూ చెక్క పోగు సుడులు తిరుగుతూ పెరుగుతుంది. కోసి నునుపు చేస్తే చిన్న చిన్న కళ్లలాంటి చుక్కలు, వాటి చుట్టూ అలలు కనిపిస్తాయి. లేతు మీద, అంటే చెక్కను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం మీద, గిన్నెలు, పళ్లేలు, కూజాలు తిప్పే పనివాళ్లు దీనికోసం ఎంత దూరమైనా వెళతారు. మన వేగిస చెట్టుకు దగ్గరి చుట్టమైన ఒక ఆగ్నేయాసియా చెట్టు బుడిపె అంబోయినా పేరుతో ప్రపంచమంతా అమ్ముడవుతుంది. మన రోడ్ల పక్కనున్న నిద్రగన్నేరునే హవాయిలో మంకీపాడ్ అంటారు. ఆ చెక్క గిన్నెలు అక్కడ పర్యాటకులు కొనుక్కెళ్లే సరుకు. ఇక్కడ అదే చెట్టుకు పొయ్యి కట్టె లెక్కన ధర కడుతున్నాం.

ఉబ్బిందల్లా బుడిపె కాదు. ఎప్పుడో కొమ్మ నరికిన చోట బెరడు మూసుకొచ్చి గడ్డ కడుతుంది. దాని లోపల తరచూ కుళ్లిన డొల్లే ఉంటుంది. పనసతో ఇంకో చిక్కు. కాయ మొద్దు మీదే కాస్తుంది కాబట్టి ఏటా ఒకేచోట తొడిమలు పుట్టి రాలి ముడులు కడతాయి, దూరం నుంచి అచ్చం బుడిపెలాగే కనిపిస్తాయి. గొడ్డలి వెనక వైపుతో కొట్టి చూడండి. బొదబొదమంటే డొల్ల, టంగుమంటే గట్టి చెక్క. అసలైన బుడిపె మీద బెరడు మొటిమలు మొటిమలుగా ఉంటుంది. అరచేయంత మేర బెరడు లేపితే కింద చెక్క నున్నగా ఉండదు, పనసకాయ తోలులా మొనలు తేలి ఉంటుంది. ఇది ఖాయమైన గుర్తు.

ఇక కోత. బెరడు వారగా చెక్కినప్పుడు రెండు నష్టాలు. బుడిపెలో మంచి చెక్క బయటికి కనిపించే ఉబ్బుతో ఆగిపోదు, మొద్దు లోపలికీ దిగి ఉంటుంది. ఆ సగం మిల్లులో పలకల్లో కలిసిపోతుంది. రెండోది, కోసిన ముఖం వెంటనే ఆరిపోయి నెర్రెలిస్తుంది. మామూలు మొద్దు ఎక్కువగా కొసల నుంచి ఆరుతుంది. బుడిపెలో పోగు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటుంది కాబట్టి ఎక్కడ కోసినా అది కొసే. మన ఎండకు పొద్దున కోసిన ముఖం మీద సాయంత్రానికే సన్న బీటలు కనిపిస్తాయి.

అందుకే బుడిపె మీద రంపం పెట్టకుండా దానికి పైనా కిందా ఒక్కో అడుగు మొద్దు వదిలి అడ్డంగా కోయాలి. వచ్చే బీటలు ఆ అడుగులోనే వచ్చి ఆగుతాయి, తర్వాత దాన్ని తీసేయవచ్చు. మొద్దు మరీ లావైతే నిలువునా నడిమధ్య నుంచి చీల్చి బుడిపె ఉన్న సగాన్ని ఉంచుకోవాలి. మధ్య గుండె గుండా చీల్చడం ముఖ్యం. గుండె లోపలే ఉండిపోతే ఎంత జాగ్రత్త చేసినా అక్కడి నుంచి నక్షత్రంలా పగులుతుంది. నిలబడి ఉన్న ఎండు చెట్టును పడగొట్టేటప్పుడు బుడిపె నేలకు తగలని వైపు పడేయాలి. వేరే దారి లేకపోతే కింద కొమ్మరెమ్మలు మెత్తగా పరవాలి. తగిలిన దెబ్బకు లోపల వచ్చిన చీలిక ఆ రోజు కనిపించదు, లేతు మీద తిరిగేటప్పుడు ముక్క ఊడి వస్తుంది.

బరువు ముందే లెక్క వేసుకుంటే నడుములు దక్కుతాయి. పచ్చి కలప సుమారుగా నీళ్లంత బరువు. రెండడుగుల అడ్డం ఉన్న అర్ధగోళం బుడిపె ఒక్కటే 60 కిలోలు తూగుతుంది. మూడడుగులదైతే 200 కిలోలు. దానికి వదిలిన మొద్దు బరువు అదనం. పెద్దదాన్ని దొర్లించి ట్రాక్టరుకు ఎక్కించడానికి వాలు దుంగలు, మోకు, నలుగురు మనుషులు కావాలి.

కోసిన రోజే కోత ముఖాలకు మైనం పట్టించాలి. కొవ్వొత్తులు చేసే పారాఫిన్ మైనం చాలు. డబ్బాలో వేసి, ఆ డబ్బాను మరిగే నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. కుంచెతో రెండు పూతలు వేస్తే సరి. మైనం దొరక్కపోతే మిగిలిపోయిన చిక్కటి ఎనామిల్ రంగు నయమే. బెరడుకు పూయనక్కర్లేదు. తర్వాత నీడలో, నేలకు తగలకుండా ఇటుకల మీద పెట్టాలి. పాలిథిన్ పట్టాతో బిగించి కప్పే అలవాటు మానాలి. మన వానాకాలపు ఉక్కకు వారంలో బూజు పట్టి చెక్క నల్లబడుతుంది.

ఎన్నాళ్లు ఆగవచ్చన్నది చెట్టును బట్టి. మామిడి ఆగదు. కొన్ని వారాల్లోనే నీలి మరకలు, వెంట పుచ్చు. పనసలో పసుపు చేవకు చెదల భయం తక్కువ కానీ చుట్టూ ఉన్న తెల్లచెక్కను పురుగు వదలదు. చింత గట్టిది, ఉలికి పదును నిలవనివ్వదు, అయినా ముదురు ఊదా చేవ దొరికితే ఆ కష్టం వృథా కాదు. జీడి చెక్క మెత్తన, పైగా రసం ఒంటి మీద పడితే కొందరికి బొబ్బలెక్కుతుంది. మా లెక్కలో పనసకే మొదటి పీట, నిద్రగన్నేరుకు రెండోది. గొల్లపల్లిలో బొబ్బిలి వీణ చేసేవారికి కావలసింది తిన్నటి పోగున్న పనస దుంగ. బుడిపె వాళ్లకు పనికిరాదు, అంటే పోటీ కూడా లేదు.

రోడ్డు పక్క చెట్టయితే మేకుల సంగతి మరవకూడదు. బోర్డులు కొట్టినవి, తీగలు కట్టినవి దశాబ్దాల కింద లోపలికి మునిగిపోయి ఉంటాయి. తుమ్మ, మద్దిలాంటి వగరు చెట్లలో ఇనుము చుట్టూ చెక్క నీలినలుపుగా మారుతుంది. ఆ మరక కనిపిస్తే రంపం ఆపి వెతకండి. చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టరు ఉంటే ఇంకా మంచిది, అరిగే రంపం చైన్ల ఖర్చుతో పోలిస్తే అది పెద్ద ఖర్చేం కాదు.

ముక్కలు చేసేటప్పుడు ఒక సంగతి. బెరడుకు సమాంతరంగా కోసిన ముఖంలో కళ్లు చుక్కలుగా కనిపిస్తాయి. బెరడు నుంచి లోపలికి కోస్తే అవే గీతలుగా సాగుతాయి. పళ్లెం కావాలంటే మొదటిదే మేలు. లేతు మీద తొలిసారి తిప్పేది గిన్నె పూర్తి చేయడానికి కాదు, ఆరబెట్టడానికి. 12 అంగుళాల గిన్నెకు గోడ మందం అంగుళంపావు ఉంచాలి, అంటే అడ్డంలో సుమారు పదో వంతు. అంతటా ఒకే మందం ఉండాలి. అడుగు మందంగా, అంచు పల్చగా వదిలితే పగులు అక్కడే మొదలవుతుంది. దిమ్మను లేతుకు బిగించే ఇనుప బిళ్లకు (ఫేస్‌ప్లేటు) కనీసం 8 స్క్రూలు, అంగుళం లోతు దిగేవి వాడాలి. జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలు పెళుసు, పుటుక్కున విరుగుతాయి. 12 అంగుళాల అడ్డం, 4 అంగుళాల మందం ఉన్న పచ్చి దిమ్మ ఏడెనిమిది కిలోలుంటుంది. నిమిషానికి 1,000 చుట్లు తిప్పితే దాని అంచు గంటకు 57 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గుండ్రం కుదిరేదాకా 300 నుంచి 400 చుట్లు దాటించకండి. బెరడు ఇరుక్కున్న సందులను పల్చటి సూపర్ గ్లూతో తడిపి ఆరాకే ఉలి పెట్టాలి. ముఖానికి నిండు షీల్డు, ముక్కుకు ఎన్95 మాస్కు తప్పనిసరి. కళ్లజోడు ఒక్కటే ఉంటే చాలదు, ఎగిరే ముక్క పిడికిలంత ఉంటుంది.

ముతకగా తిప్పిన గిన్నెను దాని పొట్టుతోనే కాగితపు సంచిలో కట్టి పెట్టాలి. వారానికోసారి కిరాణా తక్కెడ మీద తూచి, తేదీ, బరువు గిన్నె అడుగునే పెన్సిల్‌తో రాయాలి. మూడు వారాలు వరసగా బరువు మారకపోతే ఆరినట్టు. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. వానాకాలంలో బరువు తగ్గదు సరికదా ఒక్కోసారి పెరుగుతుంది కూడా, దాన్ని చూసి లెక్క తప్పిందనుకోవద్దు. ఆ తర్వాతే చివరి తిప్పుడు, నూనె పూత. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర తెల్లగా, ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి లక్క రంగులు అందం. బుడిపెకు రంగు వేస్తే ఉన్న అందం పోతుంది.

ఇదంతా చదివి పచ్చని చెట్టు మీదికి రంపం తీసుకెళ్లే వాళ్లుంటారేమోనన్న భయమూ లేకపోలేదు. బతికున్న చెట్టు నుంచి బుడిపె కోస్తే ఆ గాయం మూసుకోదు. బూజు, పురుగు దారి చేసుకుని మొద్దు కుళ్లిపోతుంది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ పార్కుల్లో బుడిపె దొంగలకు జడిసి 2014లో ఒక రహదారిని రాత్రిళ్లు మూసేయాల్సి వచ్చింది. మన దగ్గర చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. పడిపోయిన చెట్టు కలపనైనా బండికెత్తే ముందు రవాణా పర్మిట్ అవసరమో కాదో అటవీ రేంజి కార్యాలయంలో అడగాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, అన్నిటికీ లేదు.

రోడ్ల విస్తరణకు తీసే చెట్లకు ముందే నంబర్లు వేసి వేలం పెడతారు. ఆ నంబర్లు వేసే సిబ్బందికీ, తుపాను తర్వాత దారులు తెరిచే పంచాయతీలకూ మా విన్నపం ఇది. బుడిపె ఉన్న మొద్దుకు నంబరు పక్కన పసుపు ఎనామిల్‌తో ఒక సున్నా చుట్టండి. సుద్దముక్క వద్దు, మొదటి వానకే పోతుంది. వేలం జాబితాలో ఆ మొద్దును కట్టెల టన్నుల్లో కలపకుండా విడిగా చూపండి. కొనేవాడు రాకపోతే పదిహేను రోజుల తర్వాత బట్టీకే పంపుకోండి, నష్టమేమీ లేదు.

— కొందరు చెక్క పనివారు, బొబ్బిలి