మన చిన్న రైతుల సంఘం 2025-26 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, సభ్యులందరికీ, విజయనగరం నుంచి పనిగట్టుకుని వచ్చిన మన వాడుకదారులకు నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా ఏడాది పనుల్లోకి వస్తాను.

మన పంట మనమే నేరుగా అమ్ముకునే ఆదివారం అంగడి ఈ ఏడాది ఒక్క వారం కూడా మూతపడలేదు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. ఆ వానలకు మనవాళ్ల వరి చాలాచోట్ల పడిపోయింది. అయినా ఆ వారం ముగ్గురు సభ్యులు ఆటోలో గుమ్మడికాయలు, బచ్చలికూర వేసుకుని వెళ్లారు. గాలికి చిరిగిన ఆకును కూడా కొనేవాళ్లు బేరమాడకుండా తీసుకున్నారు. 'మీ పొలాలు ఎలా ఉన్నాయమ్మా' అని అడిగి మరీ తీసుకున్నారు. ఆ ముగ్గురి పేర్లు మినిట్స్ పుస్తకంలో రాయించాను. అంగడికి వరండా ఉచితంగా ఇస్తున్న పాఠశాల ప్రధానోపాధ్యాయులకు, తెల్లవారకముందే బండి కట్టే ఆటో తమ్ముడికి సంఘం రుణపడి ఉంది.

ఈ ఖరీఫ్‌లో చోళ్లకు, అంటే రాగులకు, కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. నిరుడు 4,290 ఉండేది కాబట్టి పెంపు మంచిదే. కానీ కళ్లంలోకి వచ్చి కొనే దళారికి ఆ లెక్కతో పని లేదు. మనలో తిండికి పోను క్వింటాలో, రెండో మిగిలే ఇళ్లే ఎక్కువ. అంత కొద్ది సరుకు పట్టుకుని ఎవరు ఎక్కడికి పోతారు? అందుకే పిండి పట్టించి కిలో సంచుల్లో అంగట్లో పెట్టాం. సంక్రాంతికి ముందే అంతా అమ్ముడైపోయింది.

ఇక మనందరం గర్వపడాల్సిన సంగతి డిసెంబరు చివరి ఆదివారం జరిపిన 'పొలంలో భోజనం'. వాడుకదారుల కుటుంబాలు నలభై వస్తాయనుకుంటే 63 వచ్చాయి. అన్నం చాలదేమోనని నాకు ఒకటే టెన్షన్. మన మహిళా సభ్యులు ఇంటింటికీ తిరిగి చోడిపిండి పోగుచేసి మరో గుండిగ జావ కాచారు. సామ అన్నం, ఉలవచారు, చిక్కుడుకాయ కూర, నువ్వుల పొడి, ఉడకబెట్టిన పచ్చి కందికాయలు. పిల్లలు కందిచేలో దూరి కాయలు వాళ్లే కోసుకొచ్చారు.

సామబియ్యం అంత ధర ఎందుకని ఆరోజు ఒకాయన అడిగారు. మన సంఘంలో అందరికన్నా పెద్దావిడ మాట్లాడకుండా మానెడు సామలు రోట్లో పోసి రోకలి ఆయన చేతికిచ్చింది. నాలుగు పోట్లకే ఆయన చొక్కా తడిసింది. మిగతాది ఆవిడే దంచి, చేటతో చెరిగి, పొట్టు ఎగరగొట్టి, మిగిలిన బియ్యం కొలిచి చూపించింది. తవ్వ, అంటే సగం మీద ఇంకాస్త, అంతే. ఆయన రెండు కిలోలు కొనుక్కుని వెళ్లారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వస్తున్నారు, ఈరోజు కూడా మన మధ్యే కూర్చున్నారు.

ఆ రోలు చూసి అందరూ ముచ్చటపడ్డారు గానీ, మన ఆడవాళ్లు ఎల్లకాలం దంచలేరు. చోళ్లకైతే పొట్టు తీసే పని లేదు, ఎండబెట్టి నేరుగా పిండి పట్టించుకోవచ్చు. సామలకు, కొర్రలకు ఆ వీలు లేదు. పొట్టు తీసే యంత్రం కోసం ఈ ఏడాది నాలుగుసార్లు అర్జీ పెట్టాం. ప్రతిసారీ 'పై నుంచి రావాలి' అన్నారు. నాలుగోసారి వెళ్తే అసలు మొదటి అర్జీయే కనపడలేదన్నారు. కూలి పోగొట్టుకుని ఆఫీసు మెట్లెక్కిన రోజులు ఎవరి లెక్కలోకి వస్తాయి? ఐదో అర్జీ సిద్ధంగా ఉంది. ఈసారి సభ్యులందరి సంతకాలు కావాలి.

పీజీఎస్ తనిఖీలు, అంటే రసాయనాలు వాడలేదని రైతులే ఒకరికొకరు హామీ ఇచ్చే తనిఖీలు, రెండు పంటలకూ పూర్తిచేశాం. ఒకరి చేను ఒకరు చూడాలి కాబట్టి మొహమాటాలు వస్తాయనుకున్నాను. రాలేదు. ఒక గట్టు మీద ఖాళీ యూరియా సంచి కనపడితే మన పరిశీలక బృందం ఉన్నది ఉన్నట్టు రాసింది. ఆ సంచిలో మోసుకొచ్చింది ఎరువు కాదు, పశువుల దాణా అని తేలాకే సంతకం పెట్టారు. బృందానికి అభినందనలు. గుళి పద్ధతిలో, అంటే గుంటలు తీసి దూరం దూరంగా, చోళ్లు నాటిన ముగ్గురూ దుబ్బులు బాగా వచ్చాయంటున్నారు. పిలకలు ఎక్కువ రావాలని లేత మొక్కల మీద బల్ల లాగుతుంటే ఒక ఇంట్లో అత్తగారు అడ్డుపడ్డారట. పిలకలు చూశాక ఆవిడే పక్కవాళ్లకు చెబుతున్నారు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది, కొద్దిగా మిగులు ఉంది, ఆటో బాడుగలు పెరిగాయి.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను. అంగడి డ్యూటీ పట్టికలో పేరున్నవాళ్లలో సగం మంది రాలేదు. అవే ఐదారు కుటుంబాలు వారం వారం మోశాయి. వాళ్లకూ పాడి ఉంది, కోతలు ఉన్నాయి, పిల్లల పరీక్షలు ఉన్నాయి. రాలేకపోతే శుక్రవారం లోపు ఒక్క ఫోన్ చేయండి, ఇంకొకరిని పెట్టుకుంటాం.

వచ్చే ఆదివారానికి ఇంకా ఇద్దరు కావాలి. ఆటో ఉదయం 5 గంటలకు రావిచెట్టు దగ్గర ఉంటుంది. పట్టిక, పెన్ను ఈ బల్ల మీదే పెట్టాను.

కార్యదర్శి