వంశవృక్షం గీయిస్తే పోయేదానికి బట్టీ ఎందుకు?

సంపాదకుడు గారికి,

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు, వచ్చే వారం జెనెటిక్స్ పరీక్ష. రెండు లక్షణాలు కలిపి చూస్తే సంతానంలో వచ్చే మెండల్ నిష్పత్తి 9:3:3:1 అని గడగడా చెబుతుంది గానీ, రెండు జన్యువులు ఒకే క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉంటే ఆ లెక్క ఎందుకు తప్పుతుందంటే టెన్షన్ పడుతుంది. మొన్న రాత్రి పాత క్యాలెండర్ వెనక మా ఇంటి వంశవృక్షమే గీయించాను. మా నాన్నకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు, అన్నయ్యకు ఆ ఇబ్బంది లేదు, మా అబ్బాయికి మాత్రం వచ్చింది (వాడు పచ్చి మిరపకాయా పండుదా అని ఇప్పటికీ అడుగుతాడు). తండ్రి కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోమే, ఆ లోపం ఉన్న ఎక్స్ మా నాన్న నుంచి నా ద్వారా వాడికి దిగిందని అమ్మాయికి ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. ప్రశ్నపత్రంలో 'మెండల్ సూత్రాలు వ్రాయుము' బదులు ఇలాంటి బొమ్మ ఒకటి ఇవ్వండి సార్.

— ఒక తల్లి, మలక్‌పేట, హైదరాబాద్