కుడి పై రెప్పా, ఎడమ కింద రెప్పా?

ఒరేయ్ మావా,

స్క్రైబ్ ఉద్యోగం వచ్చిందని నువ్వు మెసేజ్ పెట్టినప్పుడే రాద్దామనుకున్నా, నెలాఖరు చార్టులతో కుదర్లేదు, ఇవాళ ఆదివారం దొరికింది. బెజవాడలో ఫ్యాన్ గాలి కూడా సెగలా కొడుతోంది, మీ గుంటూరు సంగతి అడగక్కర్లేదు. అమెరికా కంటి డాక్టర్లకి నోట్స్ రాయబోతున్నావు కదా, అవి చివరికి వచ్చేది జబ్బునీ చికిత్సనీ బిల్లు కోడ్‌లుగా మార్చే నాలాంటి కోడర్ దగ్గరికే, అందుకే ముందే చెప్తున్నా, రెప్పల దగ్గర జాగ్రత్తరా.

నాలుగు రెప్పలకీ నాలుగు కోడ్‌లు. కెలేజియన్, అదే రెప్పలో నొప్పి లేని గట్టి గడ్డ, తీస్కో, కుడి పై రెప్పకి హెచ్00.11, కుడి కిందకి 12, ఎడమ పైకి 14, ఎడమ కిందకి 15. మధ్యలో 13, 16 ఏమయ్యాయంటే, అవి ఏ కన్నో తెలిసి ఏ రెప్పో రాయనప్పుడు వేసేవి. నోట్‌లో ఉత్త 'రైట్ లిడ్' అని ఉంటే నేను 13 వెయ్యాల్సిందే, ఊహించి 11 వెయ్యకూడదు. అసలు తిరకాసు సర్జరీ కోడ్‌కి ఏ రెప్పో చెప్తూ తగిలించే మాడిఫయర్ దగ్గర, డయాగ్నసిస్ లెక్క కుడి పై రెప్పతో మొదలైతే ఇది ఎడమ పైతో మొదలవుద్ది, ఈ1 (E1) ఎడమ పై, ఈ2 ఎడమ కింద, ఈ3 కుడి పై, ఈ4 కుడి కింద. అంటే కుడి పై రెప్పలో ఒక్క కెలేజియన్ తీస్తే హెచ్00.11 పక్కన సర్జరీ కోడ్ 67800, దానికి ఈ3. కొత్తలో నేను చాలాసార్లు ఈ1 వేసి మళ్ళీ దిద్దుకున్నా.

పోయిన నెల ఒక చార్టులో పరీక్ష దగ్గర కుడి పై రెప్పలో గడ్డ అని ఉంది, ప్లాన్ దగ్గరికొచ్చేసరికి ఎడమ పై రెప్ప. గడ్డ తీసేశారు కూడా. నేను ఆపేసి డాక్టర్‌కి క్వెరీ పెట్టా, రోజు టార్గెట్ పడిపోయిందని మా లీడ్ అందరి ముందూ అరిచాడు, చాలా బాధేసింది మావా. రెండ్రోజులకి జవాబొచ్చింది, కుడే, పాత విజిట్ నోట్ కాపీ చేస్తే 'ఎడమ' అలాగే ఉండిపోయిందంట. ఆ పేషెంట్ మళ్ళీ గడ్డతో వస్తే, ఆ కాగితం చూసి ఎవరైనా ఏ కన్ను అనుకోవాలి చెప్పు?

ఇంకోటి, రెండు నెల్లుగా నొప్పి లేని గట్టి గడ్డ అని వర్ణించి డయాగ్నసిస్‌లో 'స్టై', అంటే నొప్పితో లేచే కంటికురుపు, అని రాస్తారు కొందరు. చదివితే కెలేజియన్ లాగే ఉంటుంది, కానీ నేను మార్చడానికి లేదు, నువ్వూ నీ అంతట నువ్వు మార్చకు, అక్కడికక్కడే డాక్టర్‌ని అడుగు.

మా అమ్మ సంగతి చెప్పలేదు కదూ. తలకి రంగేసుకున్న రెండో రోజుకి రెండు పై రెప్పలూ వాచి, పొట్టు లేచి, ఒకటే దురద. ఓపీ చీటీలో 'లిడ్ డెర్మటైటిస్' (రెప్ప చర్మం వాపు) అని ఒక్క ముక్క రాసిచ్చారు, రంగు మాటే లేదు. మళ్ళీ వేసుకుంది, మళ్ళీ వాచింది, ఈసారి వేరే డాక్టర్ దగ్గరికెళ్తే ఆయనకి ఆ చీటీ చూపించినా ఏం లాభం! ఎందుకొచ్చిందో అమ్మే మొదట్నుంచి చెప్పుకొచ్చింది. మన కోడింగ్‌లో అయితే రంగు పడక వచ్చిన అలర్జీ అని డాక్టర్ రాస్తే హెచ్01.111, హెచ్01.114 రెండూ వెయ్యాలి, రెండు కళ్ళకీ కలిపి ఒక కోడ్ లేదు. ఎగ్జిమా అంటే అది వేరే, హెచ్01.13 వరస. ఆ ఒక్క మాట రాయడానికి ఎంతసేపు పడుతుందిరా!

ట్రైనింగ్‌లో మీకు టెంప్లేట్ ఇస్తారుగా, అందులో నాలుగు రెప్పలకీ విడివిడిగా గళ్ళు ఉన్నాయో లేదో చూసి ఫోన్ చెయ్యి. రాత్రి షిఫ్టే కదా ఇద్దరిదీ, రెండింటికి చేసినా మెలకువగానే ఉంటా.

నీ మావ