జాప్యమే అసలు జబ్బు

సంపాదకుడు గారికి,

యువతలో సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, నిజం కాని నమ్మకాలు బలపడటం) అనగానే చర్చ మందుల దగ్గరే ఆగిపోతోంది. నష్టం మాత్రం మందు మొదలుకాక ముందే మొదలవుతుంది. నార్వేలో సైకోసిస్‌ను తొందరగా గుర్తించే టిప్స్ కార్యక్రమం ఉపాధ్యాయులకు, వైద్యులకు, ప్రజలకు లక్షణాలు వివరించి, ఫోన్ చేస్తే వెంటనే పరీక్షించే బృందాన్ని ఏర్పరిచింది. చికిత్స అందడంలో జాప్యం (మధ్యస్థ విలువ) ఈ కార్యక్రమం లేని ప్రాంతాల్లో 16 వారాలుంటే, ఇది ఉన్నచోట 5 వారాలే. ప్రచారం ఆపగానే మళ్లీ పెరిగింది! నిధులు కోసేవారు ఈ ముక్క చదవాలి.

నిద్ర తలకిందులవడం, స్నేహితులకు దూరమవడం, చదువు జారిపోవడం, అకారణ అనుమానం - ఇవి కలిసి కొన్ని వారాలు సాగితే 'వయసు ప్రభావం' అని కొట్టిపారేయకూడదు. మత్తుపదార్థాలు, థైరాయిడ్, మెదడువాపు కారణం కాదని ముందు తేల్చుకోవాలి.

మందు తక్కువ మోతాదుతో మొదలవ్వాలి. అంతకుముందే బరువు, నడుము చుట్టుకొలత, రక్తంలో చక్కెర, కొవ్వు కొలవాలి. బరువైతే తొలి 6 వారాలు ప్రతి వారం చూడాలి. మందు మానేసేవారంతా మతిమరుపుతో మానరు, ఒళ్లు పెరిగినందుకు మానేసేవారూ ఉన్నారు. రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫలించకపోతే, అలాంటి వారికోసం ఉన్న క్లోజపిన్ అనే మందును ఏళ్లతరబడి వాయిదా వేయడం తప్పు. అది వాడేటప్పుడు రక్తకణాల పరీక్ష మాత్రం తప్పనిసరి.

మానసిక చికిత్స, కుటుంబానికి అవగాహన, చదువు లేదా ఉద్యోగంలోకి తిరిగి చేర్చే సాయం ఒకే బృందం చూడాలి, బాధ్యుడు ఒక్కడే ఉండాలి. 18 ఏళ్లు నిండాయని పిల్లల విభాగం వదిలేసి, పెద్దల విభాగం అందుకోని చోట చాలామంది జారిపోతున్నారు.

- కొందరు మానసిక ఆరోగ్య కార్యకర్తలు