వనభోజనాల వంట గురించి తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

కార్తీక మాసం వచ్చింది. ఏటా లాగే పిల్లల్ని వనభోజనాలకు తీసుకెళ్తున్నాం. ఈసారి అక్కుపల్లి దగ్గర కొబ్బరి తోటకి. బస్సు బయలుదేరే టైము, పిల్లలు తెచ్చుకోవలసిన వస్తువులు క్లాస్ టీచర్లు డైరీలో రాయించారు. నేను రాస్తున్నది వంట గురించి. ఈ ఏడాది మన వంటలో జీడిపప్పు ఉండదు. పలాసలో ఉంటూ పులిహోరలో జీడిపప్పు వెయ్యకపోవడమేమిటని ఇప్పటికే కొందరు అడిగారు. అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనిపించింది.

మన నాలుగో తరగతిలో ఒక పాపకి జీడిపప్పు అలర్జీ ఉంది. వాళ్ల అమ్మగారిని అడిగి, ఆవిడ సరేనన్నాకే ఈ సంగతి రాస్తున్నాను.

మొన్న సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవానికి పిల్లలు ఇళ్ల నుంచి పిండివంటలు తెచ్చారు. పాప లడ్డూ ముట్టుకోలేదు. ఆ జాగ్రత్త తనకి చిన్నప్పటి నుంచే అలవాటు. పక్క డబ్బాలో కారప్పూస కనిపిస్తే నాలుగు పలుకులు తీసుకుంది. జీడిపప్పు పకోడీలు వేయించిన నూనెలోనే ఆ కారప్పూస కూడా వేయించారని మాలో ఎవరికీ తెలీదు. పది నిమిషాల్లో పెదాలు వాచాయి. మెడ నిండా దద్దుర్లు లేచాయి. రెండుసార్లు వాంతి చేసుకుంది. గొంతు బొంగురుపోయింది. మేము మంచినీళ్లు పట్టాం, ఫ్యాన్ కింద కూర్చోబెట్టాం, ఒక అలర్జీ మాత్ర వేసి తగ్గుతుందేమోనని చూశాం. అలా ఒక పావుగంట పోయింది. ఆ పావుగంటకి బాధ్యత నాదే. వాళ్ల నాన్నగారికి ఆ రోజే చెప్పాను, మీ అందరికీ ఇప్పుడు చెబుతున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు చేసిన మొదటి పని తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజక్షన్ ఇవ్వడం. కొద్ది నిమిషాల్లోనే ఊపిరి కుదుటపడింది. అయినా ఆ రాత్రికి పంపలేదు. తగ్గినట్టే తగ్గి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంటుందట. మాత్ర దురదని తగ్గిస్తుంది గానీ, మూసుకుపోతున్న గొంతుని తెరవలేదని ఆయన మాకు విడమరిచి చెప్పారు.

వారం తర్వాత వాళ్లింటికి వెళ్లాను. వంటగది గడపలోనే కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆ తల్లి పెళ్లయినప్పటి నుంచీ జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పని చేసేవారు. పాప సంగతి బయటపడ్డాక కొన్నాళ్లు పని నుంచి రాగానే పెరట్లోనే స్నానం చేసి, చీర మార్చుకున్నాకే పిల్లని ఎత్తుకునేవారట. చివరికి ఆ పని మానేసి కుట్టు మిషను కొనుక్కున్నారు. ఈ ఊళ్లో ఒక ఇల్లాలు జీడి పని మానడమంటే ఎంత ఆదాయం వదులుకోవడమో నాకంటే మీకే బాగా తెలుసు.

పాపకి వేరే మూకుడు, వేరే గరిటె ఉన్నాయి. మిక్సీకి రెండో జారు ఉంది. జారు మూత రబ్బరు సందుల్లో పొడి ఉండిపోతుంది కాబట్టి, మసాలా నూరిన జారులో పాప చట్నీ చెయ్యరు. పాయసంలో నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు వేస్తారు. కొబ్బరి పాపకి పెట్టవచ్చని డాక్టరు చెప్పారు. కోడికూరకి చిక్కదనం కోసం గసగసాలు, పచ్చికొబ్బరి నూరి కలుపుతారు. పిస్తా కూడా ఆ ఇంట్లోకి రాదు. జీడిపప్పు, పిస్తా ఒకే కుటుంబానికి చెందినవి. ఒకటి పడనివాళ్లలో చాలామందికి రెండోదీ పడదు. వేసవిలో వీధంతా పచ్చి జీడిపప్పు కూర ఘుమఘుమలాడుతున్నప్పుడు ఆ ఇంట్లో చారు, ఆవ పెట్టిన అరటికాయ కూర. అన్నయ్య కూడా చెల్లి కోసం ఇంట్లో జీడిపప్పు అడగడు. వాడు మన ఏడో తరగతి పిల్లాడు. ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను.

“మరి మీకు కష్టమైనది ఏదమ్మా?” అని అడిగాను. వంట కాదన్నారు. “చుట్టాలే మేడమ్. పడదని చెప్తాను. ఒక్క పలుకు తింటే ఏటవుద్దీ, అలా అలవాటు చెయ్యాలి గానీ అంటారు. నేను అటు తిరిగేసరికి నోట్లో పెట్టేస్తారేమోనని పెళ్లిళ్లకి పోడం మానేశాం.”

ఇంటికొచ్చాక ఆ ‘పడదు’ అన్న మాట గురించి చాలాసేపు ఆలోచించాను. మనం దేనికైనా ఆ మాటే వాడతాం. పెరుగు తింటే జలుబు చేస్తే పడదు. శనగపిండి తింటే గ్యాస్ వస్తే పడదు. వంకాయ తింటే దురద పుడితే పడదు. ఊపిరి ఆగిపోయేదానికీ అదే మాట. అందుకే ఆ తల్లి ఎంత భయంతో చెప్పినా వినేవాళ్లకి చిన్న ఇబ్బంది లాగే వినిపిస్తోంది. ఎవరైనా ‘అలర్జీ’ అంటే దయచేసి ‘కొంచెం తింటే ఏం కాదు’ అనకండి. నాలుగు పలుకుల కారప్పూసకి ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

ఇంకో అపోహ కూడా మన ఊళ్లోనే ఎక్కువ. జీడిపిక్క చిప్పలోని నూనె తగిలితే చేతులు పొక్కుతాయని ఇక్కడ అందరికీ తెలుసు. ఈ అలర్జీ కూడా అలాంటిదేనని, పప్పు బాగా వేయిస్తే పోతుందని అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. పాప శరీరం ఎదురు తిరుగుతున్నది పప్పులోని ప్రోటీన్ మీద. వేయించినా, ఉడికించినా, నూరినా అది పోదు.

అలాగని ప్రతి దద్దురూ అలర్జీ కాదు. మన పిల్లల్లోనే కొందరికి గుడ్డు, పాలు, పప్పు అన్నీ మానిపించేశారని ఈ మధ్యే తెలిసింది. రక్తపరీక్ష రిపోర్టులో ఏదో ఎక్కువ వచ్చిందని ఒకరు, ఎవరో చెప్పారని ఇంకొకరు. తిన్నప్పుడు ఏమీ కాని పదార్థానికి కూడా రక్తపరీక్షలో పాజిటివ్ రావచ్చు. ఎదిగే పిల్లలకి ఇన్ని మాన్పిస్తే బలం ఎక్కడి నుంచి వస్తుంది? పిల్లల డాక్టరుకి చూపించి, ఏది తిన్నాక ఎంతసేపటికి ఏమైందో చెప్పి, ఆయన చెప్పినదే మానిపించండి. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో పెద్దయ్యేసరికి పోతాయి కూడా. జీడిపప్పు, వేరుశనగ మాత్రం ఎక్కువమందిలో ఉండిపోతాయి.

బడిలో జీడిపప్పు నిషేధించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నాకు అది సరైనదనిపించలేదు. ఈ ఊళ్లో సగం ఇళ్లకి అదే తిండి పెడుతోంది. పైగా నిషేధించామన్న ధైర్యంతో మనం చూసుకోవడం మానేస్తాం. దానికి బదులు క్యారేజీలు విప్పే ముందూ, తిన్న తర్వాతా పిల్లలందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ రాసుకుంటే సరిపోదు, అది ఆ ప్రోటీన్‌ని తొలగించదు. క్యారేజీలోది ఒకరికొకరు పెట్టుకోవద్దు. పంచుకుని తినమని నేర్పిన మేమే ఇలా చెప్పడం మాకూ కష్టంగానే ఉంది. పుట్టినరోజుకి చాక్లెట్లు పంపేవారు విప్పని ప్యాకెట్లే పంపండి. 2020 నాటి నిబంధనల ప్రకారం జీడిపప్పు, బాదం లాంటి గింజలు, వేరుశనగ, పాలు, గుడ్డు, గోధుమ, సోయా లాంటివి ఉంటే ప్యాకెట్ మీద రాసి తీరాలి. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో లేవు కాబట్టి, అవి పడని పిల్లలుంటే పదార్థాల పట్టిక మొత్తం చదవాలి.

పాపని వేరుగా కూర్చోబెట్టం. ఎవరైనా జీడిపప్పు చూపించి ఆటపట్టిస్తే దాన్ని చిన్న అల్లరిగా చూడం.

పాపకి డాక్టరు రాసిచ్చిన ఇంజక్షన్ ఇప్పుడు ఆఫీసు గదిలో ఉంది. ఎలా ఇవ్వాలో నాతో పాటు నలుగురు టీచర్లు నేర్చుకున్నాం. మీ ఇంట్లో, మీ వీధిలో ఎప్పుడైనా ఇలా జరిగితే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. పిల్లని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఊపిరాడక ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి. లేపి నడిపించకండి.

వనభోజనాలకి కొబ్బరన్నం, పులిహోర, వంకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, చక్కెర పొంగలి అనుకున్నాం. పులిహోరలో శనగపప్పు, మినప్పప్పు బాగా వేస్తాం. వేరుశనగ పిక్కలు కూడా మానేశాం, ఎందుకంటే సెప్టెంబరు తర్వాత ఇంకో ఇద్దరు తల్లులు వచ్చి తమ పిల్లల సంగతి చెప్పారు. నూనె కొత్త డబ్బా విప్పుతాం. ఇంజక్షన్ మా వెంట ఉంటుంది, తోట దగ్గర ఒక కారు రోజంతా సిద్ధంగా ఉంటుంది. మీ పిల్లలకి ఏదైనా అలర్జీ ఉంటే గురువారంలోగా డైరీలో రాసి పంపండి. ఇంటి నుంచి చిరుతిళ్లు మాత్రం పంపొద్దు.

పొంగలి తానే వండుతానని పాప వాళ్ల అమ్మగారు అన్నారు. ఇంతకుముందు ప్రతి ఏడూ పాప తన క్యారేజీ తెచ్చుకుని పక్కన కూర్చునేది. ఈసారి తనకీ అందరి వరసలోనే విస్తరి వేస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు